బోణీ బిల్లు నంబరు 312

గురువారం, పొద్దున తొమ్మిది గంటల పదకొండు నిమిషాలు. చలికాలం, బయట మోకాటి లోతు మంచు. ఈ టైము నా బుర్రలోంచి తీసి చెప్పడం లేదు, నా బుర్రకి అంత సీను లేదు. కాగితం మీద అచ్చయి ఉంది. ఆ కాగితం ఇప్పటికీ నా పర్సులో ఉంది. సగం వెలిసిపోయింది గాని కళ్లజోడు పెట్టుకుంటే కనపడతాయి: బిల్లు నంబరు 312, చక్కెర ప్యాకెట్ ఒకటి, వెల ఒక సెంటు.

ఆ ఒక్క సెంటు బిల్లు దగ్గర ఒక కంపెనీ, ఒక ఆడపిల్ల బతుకు, నా ఉద్యోగం, మూడూ వేలాడాయి. ఏది నిలిచిందో ఏది తెగిందో వరసగా చెప్తా. ఈ సాఫ్ట్‌వేర్ పనుల్లోకి కొత్తగా వస్తున్న పిల్లలు చదువుతారని రాస్తున్నా. తప్పులుంటే సర్దుకోండి. నాకు అక్షరాలు ముప్పై ఆరేళ్లకి వచ్చాయి.

ఒంగోలు పక్కన పొగాకు గ్రేడింగ్‌కి పోతూ అఆలు దిద్దినదాన్ని. కెనడా వచ్చాక బ్రాంప్టన్‌లో ఒక కిరాణా షాపులో పదకొండేళ్లు కౌంటర్ దగ్గర నిలబడ్డా. ఇంగ్లీషు నాకు పుస్తకాల్లో రాలేదు, క్యాష్ మిషన్ మీటల మీద వచ్చింది. కూడబలుక్కుని చదివిన మొదటి ఇంగ్లీషు మాటలు వాయిడ్, నో సేల్, సబ్‌టోటల్. ఆ మిషన్‌లో నడిచే సాఫ్ట్‌వేర్ అక్కడికి గంట దూరంలో ఉన్న కేంబ్రిడ్జ్ అనే ఊళ్లో ఒక చిన్న కంపెనీది. అది మొరాయించినప్పుడల్లా ఫోన్ చేసి తిట్టేది నేనే. ఒక రోజు ఆ కంపెనీ యజమాని, అరవై దాటిన తెల్లాయన, స్వయంగా షాపుకొచ్చాడు.

"మమ్మల్ని ఇంతగా తిట్టేది ఎవరో చూసిపోదామని వచ్చా" అన్నాడు.

"చూశావుగా. ఇప్పుడు ప్రింటర్ బాగుచెయ్" అన్నా.

వారం తర్వాత ఫోన్ చేసి, మా దగ్గరకి వచ్చి జీతం తీసుకుని తిట్టమన్నాడు. అట్లా టెస్టర్‌నయ్యా. డిగ్రీలున్న వాళ్లు సాఫ్ట్‌వేర్ ఎట్లా నడవాలో చూస్తారు. నేను ఎట్లా చెడుతుందో చూస్తా. వెనక పది మంది లైన్‌లో నిలబడి ఉంటే, పాలడబ్బా కారుతుంటే, కార్డు పనిచెయ్యకపోతే కౌంటర్ మనిషి ఏ మీట నొక్కుతుందో నాకు తెలుసు.

మా టీమ్‌లో నాతో దగ్గరగా పనిచేసింది ఇద్దరు. ఒకరు టీమ్ లీడ్, హైదరాబాద్ నుంచి అమెరికా మీదుగా వచ్చినవాడు. మంచివాడే, కాకపోతే గడియారం మింగి పుట్టినట్టు ఎప్పుడూ హడావిడి. రెండోది ప్రోగ్రామర్, వరంగల్ పిల్ల. ఇక్కడే కెనడాలో, ఒషావాలో చదువుకుని వచ్చింది. చెయ్యి చురుకు, నోరు ఇంకా చురుకు. నన్ను ఆంటీ అనేది. నేను దాన్ని పిల్లా అనేదాన్ని.

ఇప్పుడు నా తప్పు దగ్గరకి వస్తా.

షాపులో ఉన్నన్నాళ్లూ బోణీ చెయ్యకుండా నేను కౌంటర్ తెరవలేదు. ఆఫీసులో మాత్రం ఎందుకు మానాలి? రోజూ పొద్దున టెస్టింగ్ మిషన్ మీద ఒక చక్కెర ప్యాకెట్ ఒక సెంటుకి అమ్మి, వచ్చిన కాగితం కళ్లకద్దుకుని పర్సులో పెట్టుకునేదాన్ని. మొదట్లో నవ్వారు. రెండుసార్లు నేను సెలవు పెట్టిన రోజే సర్వర్ పడిపోయింది. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. లీడ్ కూడా కాఫీ కప్పుతో వచ్చి, "ఆంటీ, బోణీ అయిందా? మొదలుపెట్టమంటారా?" అని అడిగేవాడు.

చిక్కు ఏంటంటే, సాయంత్రం మొత్తాలు ఒక సెంటు తేడా వచ్చేవి. పిల్లతో అన్నా, "నా బోణీ కాగితం నాకు చాలు. మిషన్‌లో ఉన్నది మాయం చేసే మంత్రం ఏదైనా పెట్టవే."

పెట్టింది. తెర మీద మూలన కంపెనీ లోగో ఉంటుంది. దాని మీద వేలు పెట్టి ఐదు అంకెలు లెక్కపెట్టాలి. ఆ రోజు మొదటి బిల్లు పోతుంది. రద్దవడం కాదు, పుట్టనే లేదన్నట్టు పోతుంది. దాని నంబరు తర్వాతి బిల్లుకి వస్తుంది. "ఇది మన టెస్టింగ్ మిషన్‌లోనే ఉంటది ఆంటీ, బయటకు పోదు" అంది. అది నిజమనే నమ్మాం. లీడ్ కూడా చూసి నవ్వాడు.

ఆ తర్వాతి ఏడాది ఫ్రాన్స్ బేరం వచ్చింది. అక్కడ చాలా ఊళ్లలో షాపులున్న బేకరీ వాళ్లు మా సాఫ్ట్‌వేర్ తీసుకుంటామన్నారు. అప్పటికి కంపెనీ పరిస్థితి బాగాలేదు. ఈ బేరం తప్పితే మూసెయ్యాల్సిందేనని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. బేకరీ వాళ్లు ఒకటే మాటన్నారు. మా దేశం చట్టానికి సరిపోతుందని బయటి ఆడిటర్ చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి, లేకపోతే ముట్టుకోం.

ఆ చట్టం నాకు భలే నచ్చింది. కొట్టిన బిల్లు చెరపకూడదు. తప్పయితే దాని కింద ఇంకో బిల్లు కొట్టి, ఇది తప్పు అని చూపించాలి, అంతేగాని పైది తుడవకూడదు. అదే బిల్లు మళ్లీ ప్రింట్ చేస్తే నకలు అని దాని మీద పడాలి. కొత్త మనిషికి నేర్పడానికి కొట్టినవైతే అదీ పడాలి. ప్రతి బిల్లూ తన ముందు బిల్లు చెయ్యి పట్టుకుని నిలబడాలి. దానికొక సంతకం ఉంటుంది, ముందు బిల్లు సంతకం కలిపి తయారయ్యేది. మధ్యలోది లాగేస్తే వరస తెగి దొరికిపోతారు. ఇదంతా చేసింది పిల్లే. ఆరు నెలలు దాని కళ్ల కింద నల్లచారలు నేను చూశా. ఫ్రెంచి మీటలు నాకు అర్థం కావని నా మిషన్ మీటల మీద తెలుగు కాగితాలు కూడా అంటించిపెట్టింది.

ఈ గొలుసు పెట్టాక లోగో మంత్రం ఆగిపోవాలి. ఆగలేదు. ఎందుకంటే ఒక పొద్దున బోణీ బిల్లు పోవడం లేదని నేనే గొణిగా. పిల్ల పని ఒత్తిడిలో ఉండి, "ఆగు ఆంటీ" అని పది నిమిషాల్లో సరిచేసింది. మొదటి బిల్లు తీసేశాక మిగతావన్నీ మళ్లీ చేతులు కలుపుకుని నిలబడేటట్టు. చట్టం ఏది వద్దంటుందో సరిగ్గా అదే. ముసలిదాని బోణీ కోసం చేసిందని ఇద్దరికీ అనిపించింది, అంతకు మించి అనిపించలేదు.

ఆడిటర్ మంగళవారం దిగాడు. సన్నగా, మర్యాదగా, గొంతు పెంచకుండా మాట్లాడే ఫ్రెంచాయన. మూడు రోజుల పని. మొదటి రెండు రోజులూ ఎక్కడా తప్పు దొరకలేదు. బుధవారం సాయంత్రం పోతూ, తను చూస్తున్న మిషన్ మీద నీలం టేపు ముక్క అంటించి, ఆఖరి బిల్లు నంబరు తన పుస్తకంలో రాసుకున్నాడు. 311.

ఆయన వెళ్లాక లీడ్ ప్రింటర్ వైరు అందడం లేదని రెండు మిషన్లూ ఇటుది అటు, అటుది ఇటు మార్చాడు. నాకు చెప్పలేదు. ఆడిటర్ కోసం నా మీటల మీది తెలుగు కాగితాలు ముందే పీకేశాం కాబట్టి రెండూ ఒకేలా ఉన్నాయి.

గురువారం పొద్దున అందరికంటే ముందు వచ్చింది నేనే. కోటు విప్పి నా చోట కూర్చున్నా. చక్కెర, ఒక సెంటు. కాగితం వచ్చింది, కళ్లకద్దుకున్నా, పర్సులో పెట్టుకున్నా. లోగో మీద వేలు పెట్టి ఐదు లెక్కపెట్టా. పోయింది.

అప్పుడు కనపడింది నీలం టేపు.

ముందు మిషన్ మారిందే అనుకున్నా. ఆ తర్వాత అసలు సంగతి తట్టింది. మారితే మారింది, ఈ మిషన్‌లో మంత్రం పనిచెయ్యకూడదు గదా! మరి పనిచేసింది.

పిల్ల వచ్చింది. టోపీ కూడా తియ్యనివ్వకుండా చెప్పా. అది బ్యాగు కింద పడేసింది.

"ఏం చేసినవ్ ఆంటీ? అది ఇందులో ఎట్లుంటది?"

"నన్నడిగితే? పెట్టింది నువ్వు."

వెనక లీడ్ గొంతు వినపడింది. విన్నాడు. మొహం సున్నం కొట్టినట్టు అయింది. "టైమ్ లేదని మన టెస్టింగ్ మిషన్‌లో ఉన్నదే ఆయన మిషన్‌లోకి కాపీ చేసి పెట్టా" అన్నాడు మెల్లగా. "అంతా సెట్ అయి ఉంది గదా అని."

తొమ్మిదీ ఇరవై. తొమ్మిదిన్నరకి ఆడిటర్ వస్తాడు. పిల్ల ఆయన వాడే పరీక్షే నడిపి చూసింది. అంతా పచ్చగా వచ్చింది. వరస తెగలేదు, లోటు లేదు. అది అంత బాగా చేసింది.

"చూశారా? ఏం తెలీదు" అన్నాడు లీడ్. "ఆంటీ, మీకు దండం పెడతా. ఇవాళ సంతకం పెట్టి పోనీండి. సోమవారానికి ఆ ముక్క తీసేసి కొత్తది పంపిద్దాం. మన ముగ్గురికి తప్ప ఎవరికీ తెలీదు."

"నాకు ఆరు వారాల్లో వర్క్ పర్మిట్ అయిపోతది ఆంటీ" అంది పిల్ల. ఏడవడం లేదు. ఏడిస్తే నాకు సులువుగా ఉండేది. "కంపెనీ లెటర్ ఇస్తేనే పొడిగిస్తరు. ఈ బేరం పోతే కంపెనీయే ఉండదు. ఉన్నా, దొంగ కోడ్ రాసిన పిల్లకి లెటర్ ఎవరిస్తరు? ఎక్కడ పనికి పోతా నేను?"

నాకు బ్రాంప్టన్ గుర్తొచ్చింది.

ఆ షాపులో మొదటి మూడేళ్లు ఉన్న ఓనర్ సాయంత్రాలు వెనక గదిలో కూర్చుని కొన్ని బిల్లులు మాయం చేసేవాడు. పాత మిషన్, చెయ్యనిచ్చేది. సరుకు లెక్క తక్కువొస్తే? బిల్లు లేదు, సరుకు లేదు. అప్పుడు దొంగ ఎవరు? కౌంటర్ దగ్గర నిలబడ్డది. నా పక్క కౌంటర్‌లో పంజాబీ ఆవిడ ఉండేది, నాకు రొట్టెలు తెచ్చిపెట్టేది. ఒక రోజు అందరి ముందూ ఆవిడ బ్యాగు వెతికించి పంపేశాడు. ఆయన వెనక గదిలో ఏం చేస్తాడో నేను కళ్లారా చూసినదాన్ని. నోరు విప్పలేదు. నాకూ ఉద్యోగం కావాలి. ఆవిడ పోతూ నా వైపు ఒకసారి చూసింది, అంతే.

ఇప్పుడు సోమవారం తీసేస్తామంటున్నారు. తీసేస్తారేమో. సోమవారం ఇంకో పని మీద పడుతుంది. ఫ్రాన్స్‌లో ఏ బేకరీ మేనేజరో తెర తుడుస్తూ లోగో మీద ఐదు అంకెలసేపు వేలు పెడితే చాలు. ఒకడికి తెలిస్తే వందమందికి తెలుస్తుంది. అప్పుడు బ్యాగు వెతికేది ఎవరిది?

"ఆంటీ, మాట్లాడండి" అన్నాడు లీడ్. తలుపు తెరుచుకుంది.

ఆడిటర్, ఆయన వెనకే యజమాని. యజమాని చేతిలో డోనట్ల డబ్బా. ఆఖరి రోజు గదా, మొహం వెలిగిపోతోంది. ఆడిటర్ అందరికీ గుడ్ మార్నింగ్ చెప్పి, చేతులు రుద్దుకుని, నీలం టేపు మిషన్ ముందు కూర్చున్నాడు. ఒక బిల్లు కొట్టాడు. బ్రెడ్డు, ఒకటి. కాగితం చింపి బల్ల మీద పెట్టాడు. నంబరు 312.

పుస్తకం తెరిచాడు. నిన్న 311, ఇవాళ 312. టిక్కు పెట్టాడు. పరీక్ష నడిపాడు. పచ్చ. "పర్ఫెక్ట్" అన్నాడు.

పిల్ల నా చేతి వంక చూస్తోంది. నా చెయ్యి పర్సు మీద ఉంది. ఆ కాగితం నలిపి నోట్లో వేసుకున్నా ఎవరూ అడిగేవాళ్లు కాదు. ధైర్యం అని తర్వాత కొందరన్నారు. ధైర్యమూ లేదు, దోసకాయా లేదు. జిప్పు రెండుసార్లు ఇరుక్కుంది. జిప్పు చప్పుడుకే అందరూ నా వైపు తిరిగారు.

కాగితం తీసి ఆయన కాగితం పక్కన పెట్టా. అంచులు సరిగా కలిసేటట్టు పెట్టా కూడా, ఎందుకో.

ఆయన చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. 312, 312. టైము తొమ్మిదీ పదకొండు, తొమ్మిదీ ముప్పై ఆరు. ఆయన కుర్చీ కొద్దిగా వెనక్కి జరిపాడు.

"ఇది ఎవరు కొట్టారు?"

"నేను."

"మిషన్‌లో లేదే?"

"చెరిపేశా. చూపిస్తా రండి."

చూపించా. ఆయన బ్రెడ్డు బిల్లే ఇప్పుడు మొదటిది. లోగో మీద వేలు పెట్టి ఐదు దాకా పైకే లెక్కపెట్టా, తెలుగులో. ఒకటి, రెండు, మూడు. ఆయన బ్రెడ్డు ఆయన కళ్ల ముందే పోయింది.

యజమాని డోనట్ల డబ్బా కుర్చీలో పెట్టి, చూసుకోకుండా ఆ కుర్చీలోనే కూర్చోబోయి లేచాడు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

"ఇది ఎవరు తయారుచేశారు?" అన్నాడు ఆడిటర్. గొంతు పెంచలేదు.

"చెయ్యమని అడిగింది నేను" అన్నా.

"అది కాదు నేను అడిగింది."

"నేనే" అంది పిల్ల. లేచి నిలబడింది, బడిలో నిలబడినట్టు. "రాసింది నేనే, గొలుసు కలిపింది కూడా నేనే."

లీడ్ అన్నాడు, "మీ మిషన్‌లోకి తెచ్చింది నేను." ఆ మాట అన్నందుకు వాడి హడావిడి అంతా ఆ రోజే క్షమించేశా.

ఆడిటర్ పెన్నుకి మూత పెట్టాడు. ఇవాళ ఇక ఏమీ చూడను, సర్టిఫికెట్ లేదు అన్నాడు. జరిగింది ఎట్లా జరిగింది, ఎవరి వల్ల, ఎట్లా సరిచేస్తారు, ఇవన్నీ రాసి పంపితే మళ్లీ మొదటి నుంచి చూస్తానన్నాడు. నా కాగితం తన ఫైల్లో పెట్టుకోబోయాడు.

"కాపీ తీసుకోండి" అన్నా. "బోణీ కాగితం చేజారనివ్వను."

బోణీ అంటే ఏంటని అడిగాడు. పిల్ల వివరించింది. ఆయన చాలాసేపు విన్నాడు. "మా అమ్మమ్మకి చేపల కొట్టు ఉండేది" అన్నాడు. "కలిసొస్తుందని మొదటి నాణెం మీద ఉమ్మేసేది." అంతే. కాపీ తీసుకుని వెళ్లిపోయాడు.

తలుపు మూసుకున్నాక యజమాని నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. అరుస్తాడనుకున్నా. అరవలేదు. "తిట్టడానికే నిన్ను పెట్టుకున్నా. సరిగ్గా ఇవాళే తిట్టాలా?" అన్నాడు. తర్వాత బల్ల మీదున్న ఖాళీ కాగితం చూపించి, "ఎవరి వల్ల అన్నచోట ఏం రాయను? బేకరీ వాళ్లు కూడా చదువుతారు. ఎవరినో ఒకరిని పంపించకపోతే వాళ్లు నన్ను నమ్మరు."

"నా పేరు రాయి" అన్నా. "అడిగింది నేను, వాడింది నేను, ఇవాళ నొక్కింది నేను. ఒక్కటీ అబద్ధం కాదు. ఏం జరిగిందో అంతా రాయి, ఏదీ దాచొద్దు. పేరు మాత్రం నాదొక్కటే. ఆ పిల్లకి లెటర్ ఇవ్వు. అది పెట్టిన ముడి అదే విప్పగలదు, ఇంకొకడిని తెచ్చి ఎన్నాళ్లు నేర్పుతావు?"

కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "బేరం బాగా ఆడతావు" అన్నాడు.

"కౌంటర్ మనిషిని" అన్నా.

నెలాఖరుకి నన్ను పంపేశారు. అన్యాయం అనను. నా మీద జాలి పడొద్దు, ఆ ఏడాది కాకపోతే పై ఏడాది రిటైరయ్యేదాన్నే. ఆ రిపోర్ట్ కాపీ ఒకటి అడిగి తీసుకున్నా. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివా. అంత పెద్ద కాగితంలో నా పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు. ముప్పై ఆరేళ్లకి పలక పట్టింది ఇందుకా అనుకున్నా, నవ్వుకున్నా.

బేకరీ వాళ్లు తిడుతూనే నాలుగు నెలలు ఆగారు. పిల్లకి లెటర్ వచ్చింది, పర్మిట్ వచ్చింది. ఆడిటర్ మళ్లీ వచ్చి, మూడు రోజులు కాదు, ఐదు రోజులు కూర్చున్నాడట. మొదటి రోజు కూర్చోగానే, "చక్కెర ఆవిడ ఏరి?" అని అడిగాడట. లేరన్నారు. తనే ఒక చక్కెర ప్యాకెట్ ఒక సెంటుకి కొట్టాడట. తర్వాత లోగో మీద వేలు పెట్టి ఐదు, పది, ముప్పై దాకా లెక్కపెట్టాడట. చక్కెర కదల్లేదు. అప్పుడు దాని కింద ఇంకో బిల్లు కొట్టాడు, చక్కెర మైనస్ ఒకటి అని. రెండూ అక్కడే ఉన్నాయి ఇప్పటికీ. సర్టిఫికెట్ ఇచ్చాడు, బేరం నిలిచింది. పిల్ల ఫోన్ చేసి చెప్పి, "ఆంటీ, నీ బోణీ చట్టప్రకారం అయింది" అంది. అప్పుడు ఏడ్చింది.

పంజాబీ ఆవిడ కోసం బ్రాంప్టన్‌లో అడిగా. దొరకలేదు. ఆ బిల్లు కింద కొట్టడానికి నా దగ్గర ఇంకో బిల్లు లేదు.

ఆ రోజు ఆ గదిలో ఎవరెవరు ఉన్నారో చెప్పి ఆపేస్తా. డోనట్లు తెచ్చిన యజమాని. మిషన్లు ఇటుది అటు మార్చి, ఆ మాట ఒప్పుకున్న టీమ్ లీడ్. లోగో కింద మంత్రం పెట్టి, అడగ్గానే లేచి నిలబడ్డ వరంగల్ పిల్ల. అమ్మమ్మకి చేపల కొట్టున్న ఆడిటర్. వాళ్ల పేర్లు రాయను. కాగితం మీద ఒక్క పేరే ఉండాలని బేరం ఆడినదాన్ని, ఇక్కడ రాస్తే బేరం తప్పినట్టే. ఐదోదాన్ని నేను, ఆ పొద్దున బోణీ చేసినదాన్ని.